బేరం తెగని ఊరు

దేశం కాని దేశంలో, రుస్తాఖ్ అనే ఊరి సైట్‌లో ఆయన ప్లాస్టరింగ్ మేస్త్రి, నేను ఆయనకు మాలు కలిపేవాణ్ణి. నాది కరీంనగర్, ఆయనది శ్రీకాకుళం సముద్రపొడ్డు. ఊరి కబురేమిటని ఎవరడిగినా ఆయనది ఒకటే మాట: "ఇంకా బేరం తెగనేదంట్రా బావూ."

వాళ్ల ఊళ్లో అణు విద్యుత్ కేంద్రం కడతామని సర్కారు ఏనాడో చెప్పింది. అప్పటినుంచి అక్కడ కొత్త ఇల్లు కట్టనివ్వరు. పోయే ఇల్లేనని పాతదాన్ని ఎవరూ బాగుచేసుకోరు. కేంద్రం మాత్రం రాలేదు.

"ఇంకా ఎందుకు కడ్తలేరే మేస్త్రీ?" అని ఒకసారి అడిగాను.

"కట్టీ కర్సు ఏటికేడు పెరిగిపోతందట. అంత పోసి కడితే ఆ కరెంటు ఎవుడు కొంతాడని డిల్లీలో తేల్సుకోనేకపోతన్నారు. మాయమ్మ ఆ నానిన గోడల మద్దినే ఉంతంది" అన్నాడు.

ఆ ఏడు వానలకు గోడ కూలి ముసలామె మీద పడింది. ఫోన్ వచ్చినప్పుడు ఆయన ఒక విల్లా పైగదిలో పూత వేస్తున్నాడు. విని, ఫోన్ జేబులో పెట్టుకుని, మళ్లీ తాపీ అందుకున్నాడు.

"అమ్మ పోనాదిరా."

"ఇడిసిపెట్టు మేస్త్రీ, రూమ్‌కు పోదాం" అన్నాను.

"కలిపిన మాలు గట్టిపడిపోతాది బావూ."

గోడంతా పూర్తయ్యాక ఆ తడిపూతకు నుదురు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తల ఎత్తేసరికి అక్కడ చిన్న గుంట పడి ఉంది. దాన్ని తనే చెక్కతో నున్నగా రుద్ది, చేతులైనా కడుక్కోకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.