రెండో జడకి రెండో చరణం

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ గాజువాకలో బస్సు దిగి మా సందులోకి తిరిగేసరికి, మూలనున్న సైకిల్ షాపతను ఓ పిల్ల సైకిల్ గొలుసుకి గ్రీజు పట్టిస్తున్నాడు. ఆ వాసన తగలగానే నాకు తెలియకుండానే నా చెయ్యి మెడ వెనక్కి, జుట్టు మీదికి వెళ్ళింది. గ్రీజు వాసనకీ జుట్టుకీ ఏం సంబంధం అని ఎవరైనా అడిగి ఉంటే నేను చెప్పలేకపోయేదాన్ని. అసలు ఎవరేమడిగినా నాకు వెంటనే జవాబు రాదు. ఇంటికెళ్ళి డైరీ తీసి రాయడం మొదలుపెడితే ఆ రోజుకున్న పేజీ చాల్లేదు.

నా చిన్నప్పుడు నాన్న ఒక చిన్న ప్రైవేటు మిల్లులో, ఎర్రగా కాల్చిన ఇనుమును యంత్రాల మధ్య నలిపి కడ్డీలుగా సాగదీసే చోట, ఎక్కువగా రాత్రి డ్యూటీ చేసేవాడు. అమ్మ హార్బరు దగ్గర రొయ్యలు ఒలిచే కంపెనీకి తెల్లారగట్ల మొదటి బస్సుకే వెళ్ళిపోయేది. అమ్మ వెళ్ళిన తరువాత నాన్న వచ్చేలోపు ఉండే ఆ అరగంటా ఇంట్లో నేను, చాప మీద నిద్రపోయే రెండేళ్ళ తమ్ముడు, గోడకవతల ఇంటి ఓనరు సింహాచలమ్మ మామ్మ ఉండేవాళ్ళం. మామ్మ చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. పెదాలు పెద్దగా కదపకుండానే, నోట్లో నిప్పు ఆరకుండానే, వీధిలో వెళ్ళే ప్రతివాళ్ళతోనూ ఓ మాట ఆడేది. వరసగా ఐదు గదులు, అందరికీ కలిపి ఒక కుళాయి, ముందు పగుళ్ళిచ్చిన సిమెంటు అరుగు, అరుగు మీద కూర్చుంటే ఇళ్ళ కప్పుల పైనుంచి కనిపించే యారాడ కొండ, అదీ మా లైను. చలికాలం పొద్దుటిపూట కొండ కనిపించేది కాదు, దాని అవతలి నుంచి ఓడ కూత మాత్రం వినిపించేది. ఎండాకాలంలో కుళాయి దగ్గర బిందెల వరసలో అమ్మకి బదులు నేను నిలబడి, బిందె జరుపుతూ, జరుపుతూ, పక్కింటి పిల్లలతో గచ్చకాయలాడేదాన్ని.

నాన్న సైకిల్ చప్పుడు విని తలుపు తీయగానే నేను చేసే మొదటి పని, ఆయన చెవుల్లో దూది తీయడం. మిల్లు మోతకి తట్టుకోలేక, అమ్మ దీపం వత్తుల కోసం దాచుకున్న దూదిలోంచే రెండు ఉండలు చేసి చెవుల్లో పెట్టుకుని వెళ్ళేవాడు. మార్గశిర లక్ష్మివారాల్లో వత్తులు చేయడానికి కూర్చుని డబ్బా మూత తీసిన అమ్మ, "అమ్మోరి దూదంతా మిల్లుకే మోసీసినావు" అని సణిగేది. ఇంటికొచ్చాక ఆ దూది తీయడం నాన్న కావాలనే మర్చిపోయేవాడేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఆయన వంగితే నేను మునివేళ్ళ మీద లేచి ఒక్కో ఉండా లాగేదాన్ని. తెల్లగా వెళ్ళిన దూది నల్లగా వచ్చేది.

తరువాత బట్టల సబ్బుతో మోచేతుల దాకా చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ మూలల్లో గ్రీజు ఉండిపోయేది. ఆ చేతులకే కొబ్బరినూనె రాసుకుని, చలికాలమైతే గడ్డకట్టిన నూనె సీసాని కాసేపు పొయ్యి పక్కన నిలబెట్టి, చోడి అంబలి గ్లాసు నా చేతికిచ్చి, అరుగు మీద తను పై మెట్టునా నేను కింది మెట్టునా కూర్చున్నాక, టేప్‌రికార్డర్ నొక్కేవాడు. మా స్కూల్లో ఆడపిల్లలందరూ రెండు జడలేసి, వాటిని పైకి మడిచి రిబ్బన్లు కట్టుకోవాలి. ఆ వేళకి అమ్మ ఇంట్లో ఉండదు కాబట్టి జడలు నాన్న వంతు. పాట ఎప్పుడూ ఒకటే, పాత సినిమాలో ఒకతను పడవ మీద వెళుతూ పాడే పాట. ఆరు నిమిషాలు.

పల్లవి అయ్యేసరికి దువ్వెన కొసతో పాపిడి తీయడం అయిపోయేది. వయొలిన్లు వచ్చినప్పుడు కుడివైపు జుట్టు మూడు పాయలు చేసేవాడు. మొదటి చరణంలో మొదటి జడ అల్లేవాడు. మళ్ళీ పల్లవి వచ్చినప్పుడు రిబ్బను. తరువాత, రెండో చరణానికి ముందు, వేణువు ఒక్కటే చాలాసేపు వాయిస్తుంది. అక్కడ మాత్రం నాన్న చేతులు ఆగిపోయేవి. నా ఎడమవైపు జుట్టు పిడికిట్లో అలాగే పట్టుకుని, వేణువు పూర్తిగా అయ్యేదాకా కదిలేవాడు కాదు. నేనూ గ్లాసు పెదవికి ఆనించుకుని ఊరకే ఉండేదాన్ని. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి, కాసేపట్లో స్కూలుకి వెళ్ళిపోయే పిల్ల, ఇద్దరికీ ఆ రోజుకి దొరికేది ఆ కాసేపే. రెండో చరణంలో రెండో జడ. చివరి పల్లవికి ముడి బిగించి నా బుర్ర మీద చిన్నగా తట్టేవాడు, అయిందని.

"కూతురికి జడేత్తన్నావా, కేనుకి వైరు పేన్తన్నావా?" అని మామ్మ గోడ మీంచి అడిగేది.

"క్రేను పిన్నీ, కేను కాదు."

"ఏదైతే ఏటి, గుంట బుర్ర ఊడొచ్చేలాగుంది."

నిజమే, నాన్న అల్లిన జడ సాయంత్రం దాకా వెంట్రుక కదిలేది కాదు. నాగులచవితి రోజున స్కూలు లేకపోయినా జడలేయించుకునేదాన్ని. నోటి నిండా నువ్వుల చిమ్మిలి పెట్టుకుని నములుతుంటే దవడలతో పాటు తలా కదిలేది, నాన్న "కదపకు అమ్మలూ, జడ వంకరపోద్ది" అనేవాడు. తుఫాను ముసురులో కరెంటు పోయిన రోజుల్లో మాత్రం పాట లేక, జడలు రెండూ ఒకదానికంటే ఒకటి పొట్టిగా వచ్చేవి.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు ఆ క్యాసెట్టు రీలు టేప్‌రికార్డర్లో చిక్కుకుని, పెన్సిల్‌తో తిప్పి తిప్పి తీస్తుంటే తెగిపోయింది. నాన్న క్యాలెండరు కాగితం వెనక తనకిష్టమైన పాటలన్నీ వరసగా రాసి, అన్నిటికంటే పైన పడవ పాట రాసి, స్కూలు నుంచి వచ్చేటప్పుడు రికార్డింగు షాపులో ఇచ్చి రమ్మన్నాడు. అప్పట్లో అలాంటి షాపులుండేవి. మనం రాసిచ్చిన పాటలన్నీ ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళు. షాపతను కాగితం చూసి, లెక్కేసి, "ఇయన్నీ పట్టవు పాపా. రెండో చరణాలు లేపేత్తే అన్నీ ఎక్కీసి ఇంకో రెండు పాటలకి సోటు మిగుల్తాది. అందరికీ అలాగే సేత్తన్నాను. లేపేయనా?" అన్నాడు.

నా వెనక ఇద్దరు కాలేజీ అబ్బాయిలు నిలబడి ఉన్నారు. నా నోట్లోంచి "వద్దు" అన్న మాట రావాలంటే పాటకి ముందు వచ్చే సంగీతమంత సేపు పడుతుంది. అంతసేపు షాపతను ఆగలేదు. నేను తలూపేశాను.

రెండు రోజుల తరువాత క్యాసెట్టు వచ్చింది. పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాం. మొదటి జడ అయింది, రిబ్బను కట్టాడు, వేణువు కోసం చేతులు ఆపాడు. టక్కుమని క్యాసెట్టులో ఎవరో డ్యాన్సు పాట మొదలుపెట్టారు.

"అయిపోనాదేటి?" అన్నాడు నాన్న.

ఏం జరిగిందో చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. టేప్‌రికార్డర్ కట్టేసి, నా ఎడమవైపు జుట్టు పట్టుకుని, ముందు పెదాలతోనే వేణువు వాయించి, తరువాత రెండో చరణం తనే పాడాడు. ఒక్క మాట కూడా తప్పు పోలేదు. రాగం మాత్రం ఎక్కడికక్కడ పక్కకి జరిగిపోయింది. ఆ రోజు నుంచి కుడి జడకి క్యాసెట్టు, ఎడమ జడకి నాన్న. కొన్ని నెలలు అలాగే సాగింది. పాడేకొద్దీ ఆయన గొంతు పెద్దదైంది. సంతోషం ఎక్కువై పాడుతున్నాడనుకునేదాన్ని.

"నీ పాటకి మా కోడి గుడ్డెట్టడం మానీసిందిరా" అనేది మామ్మ.

"దానికి సంగీతం తెల్దు పిన్నీ."

నన్ను స్కూలుకి పిలవడానికి వచ్చే ఇద్దరు స్నేహితురాళ్ళు కుళాయి దగ్గర నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఒకరోజు క్లాసులో టీచరు ఇంకా రాకముందు వాళ్ళలో ఒకమ్మాయి బల్ల ఎక్కి నాన్నలా గొంతు చించుకుని పాడితే, క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. దాని గురించి ఆ రోజు డైరీలో రాయలేదు. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

మర్నాడు, నాన్న పెదాలు వేణువుకి సిద్ధమవుతుంటే, వెనక్కి తిరగకుండానే అన్నాను: "పాడకు నాన్నా. గట్టిగా పాడతన్నావు. అందరూ నవ్వుతన్నారు."

"గట్టిగా పాడతన్నానేటి?"

ఆ ప్రశ్న నిజంగా అడిగాడని నాకు అప్పుడు తెలియలేదు. ఊఁ అన్నాను.

"సరే అమ్మలూ. మానేత్తాను."

తరువాత ఎడమ జడ మాటా పాటా లేకుండా అయ్యేది. దువ్వెన చప్పుడు, నాన్న ఊపిరి, అంతే. తొమ్మిదో తరగతికి వచ్చాక హైస్కూల్లో ఒంటి జడకి ఒప్పుకోవడంతో నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. టేప్‌రికార్డర్ కొన్నాళ్ళు అమ్మ కుట్టుపెట్టె కింద ఉండి, ఆ తరువాత ఎటుపోయిందో తెలీదు.

ఇంటర్ రెండో ఏడు. కాలేజీ నుంచి వచ్చేసరికి నాన్న వీధి వైపు తిరిగి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వెనక నుంచి పిలిచాను. పలకలేదు. మూడుసార్లు పిలిచి, దూది తీయడం మర్చిపోయాడనుకుని, చిన్నప్పటిలాగే లాగుదామని వెళ్ళి చెవిలో వేలు పెట్టాను. వేలికి ఏమీ తగల్లేదు.

నాన్న ఉలిక్కిపడి తిరిగాడు. "ఏటే?"

"దూది ఉందనుకున్నాను."

"దూదెట్టడం మానీసి రెండేళ్ళయింది. ఇంక అవసరం నేదు" అన్నాడు, అదేదో మంచి కబురైనట్టు.

డాక్టరు చెవి మిషను రాసిచ్చాడు. దాన్లో మళ్ళీ మిల్లు మోతే వస్తోందని నాన్న రెండు రోజులకే డబ్బాలో పెట్టేశాడు.

ఇప్పుడు తమ్ముడికి ఇరవై రెండు. ఇంట్లో ఉన్నంతసేపూ వాడి ఫోన్లో పాటలు మోగుతూనే ఉంటాయి. ఒక్కోటీ రెండు నిమిషాలు, మహా అయితే రెండున్నర. "పాటంటే ఇలాగుండాలక్కా. మంచి ముక్క ముందే వచ్చీయాల. ఆరేసి నిమిషాలు ఎవులింటారు?" అంటాడు. వాడితో వాదించలేను, వాడి మాటలో నిజం లేకపోలేదు కూడా. పాత పాటల్లో ఊరికే సాగదీసినవి ఎన్ని లేవు? వాడి పొట్టి పాటల్లో కొన్ని నాకూ ఇష్టం. బస్సులో చెవుల్లో పెట్టుకుని వింటాను. ఒక పల్లవి, ఒక చరణం, చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతాయి. కాకపోతే ఆ పాటల్లో జడ పట్టదు. ఏమీ జరగని ఆ వేణువు చోటు వాటిలో ఉండదు. మనుషులు పక్కపక్కన ఊరికే కూర్చోవడానికి పాటలో అంతకంటే వేరే చోటు ఉంటుందని నేననుకోను. వాడికి ఈ మాట చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు చాప మీద నిద్రపోతూ ఉండేవాడు, వాడికేం గుర్తుంటుంది?

మా లైను ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. దాని వెనకాల కొండ కనపడదు. రికార్డింగు షాపులో ఫోన్లకి కవర్లు అమ్ముతున్నారు. సింహాచలమ్మ మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. పడవ పాట వెతికితే ఫోన్లో దొరికింది, పూర్తిగా, వేణువుతో సహా. రెండో చరణం మొదలవగానే ఆపేశాను. ఆ గాయకుడు ఎంతో బాగా పాడాడు. నాకు కావలసింది అది కాదు.

నిన్న గ్రీజు వాసన పట్టుకుని ఇంటికెళ్ళేసరికి నాన్న వరండా పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనతో మాట్లాడాలంటే నేను పాత డైరీల్లో మిగిలిన ఖాళీ పేజీల మీద రాసి చూపిస్తాను. మాట తొందరగా రాని నాకు అది సుఖంగానే ఉంటుంది, అందుకు సిగ్గుపడతాను కూడా. "జడ వెయ్యి నాన్నా, రెండో చరణం పాడు" అని రాసి, నూనె సీసా, దువ్వెన పక్కన పెట్టి కింది మెట్టు మీద కూర్చున్నాను.

కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "నువ్వే కదేటి వొద్దన్నావు" అన్నాడు, వీధంతా వినపడేలా, నవ్వుతూ.

ఇరవై ఏళ్ళయినా మర్చిపోలేదు. నేను డైరీ మూసి, దువ్వెన ఆయన చేతిలో పెట్టాను.

నాన్న పాడలేదు. పాపిడి తీశాడు. పోయినేడు నా జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను, రెండు జడలకి రాదు. అందుకని అంతా కలిపి ఒకటే అల్లడం మొదలుపెట్టాడు. నేను లోపల పాట మొదలుపెట్టాను. మొదటి చరణం సగంలోనే జడ అయిపోయింది. నాన్న రిబ్బను అడగలేదు, బుర్ర మీద తట్టలేదు. జడ కొసని రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మిగతా చరణం, పల్లవి, వేణువు మొత్తం, అన్నీ అయ్యాయి. వేళ్ళు కదల్లేదు. నేనూ కదల్లేదు.

నా లెక్కలో రెండో చరణం ఇంకో లైను మిగిలి ఉండగా ఆయన వేళ్ళు వదిలేశాయి. ఎవరి పాట ముందు నడిచిందో, ఎవరిది వెనకబడిందో తెలీదు. ఆ మిగిలిన లైను నేను ఒక్కదాన్నే పూర్తి చేశాను.