పెద్దకార్యం నాటి గిటారు కచేరీ

పరువు పోగొట్టుకోవడానికి మనుషులు రకరకాల దారులు ఎంచుకుంటారు. నేను మాత్రం ఆటోకి మైకు కట్టించి, ఊరూరా చాటించి, జనాన్ని పిలిచి మరీ పోగొట్టుకున్నాను. ఆ కథ చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మధ్యలో ఒకటి రెండు చోట్ల వీపు వెనక ఎవరో నిలబడినట్టు అనిపిస్తే మాత్రం నన్ననకండి. చెబుతున్నవాణ్ణి, నాకే ఇప్పటికీ అనిపిస్తుంది.

తొంభైల చివరి సంగతి. మాది రాజోలు. డిగ్రీ తప్పి, గిటారు భుజాన వేసుకుని, ఎండలో కూడా నల్లకోటు తొడుక్కుని తిరిగే రోజులు. కువైట్‌లో ఏసీ మెకానిక్‌గా చేస్తున్న మా బావ సెలవుకు వస్తూ నాకోసం రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి వీడియో క్యాసెట్. అందులో పేరుమోసిన గిటారు విద్వాంసులంతా ఒకే వేదిక ఎక్కి, బ్లూస్, రాక్, బ్లూగ్రాస్ అన్నీ కలిపి దుమ్ము లేపుతారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: బ్లూస్ అంటే మనసు బాగోలేనివాడు నెమ్మదిగా ఏడ్చుకునే పాట. వాడికే కోపం వస్తే రాక్. బ్లూగ్రాస్ అంటే అమెరికా కొండపల్లెల వాయింపు, వేళ్ళు కంటికి కనబడకూడదు.

బావ తెచ్చిన రెండో వస్తువు అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద నల్ల డబ్బా. దాన్ని గిటారుకు తగిలించి స్విచ్ వేస్తే, వైరన్నది లేకుండానే అల్లంత దూరాన ఉన్న ఆంప్లిఫయర్‌లోంచి పాట వస్తుంది. మా వీధిలో నేను గిటారు పట్టుకుని నడుస్తుంటే పాట మాత్రం మా ఇంట్లోంచి వినిపించేది. నేను మామూలు మనిషిని కాననే నమ్మకం నాకు అప్పుడే కలిగింది.

ఆ క్యాసెట్టు అరిగి బొమ్మంతా వాన పడ్డట్టు అయ్యేదాకా చూసి, అలాంటి కచేరీ కోనసీమలో జరిగి తీరాలని తీర్మానించాను. తారలన్నీ ఒక్కచోట చేరాలి కదా, చేర్చాను. చర్చిలో గిటారు వాయించే మా రాజోలు జాన్‌బాబుకి రాక్ అప్పగించాను. అమలాపురం ఆర్కెస్ట్రాలో వాయించే మూర్తికి వేళ్ళ వేగం ఎక్కువ, అతనికి బ్లూగ్రాస్. మొహంలో ఏడుపు సహజంగా ఉంటుందని బ్లూస్ నేను తీసుకున్నాను. ముగ్గురమే అయినా ఆకాశంలో ఇంక నక్షత్రాలు మిగల్లేదన్నట్టే మా ధోరణి.

ప్రచారం దగ్గర నా తెలివి వెయ్యి రేకులుగా విచ్చుకుంది. పల్లెల్లో ఇంగ్లీషు పేర్లు ఎవరికి తెలుస్తాయని మూడింటినీ నేనే తెలుగు చేశాను. ఆటోవాడు కొత్తపేట చుట్టుపక్కలంతా తిరిగి, "నీలాలు, రాయి, నీలిగడ్డి, రండి, తిలకించండి" అని అరిచి వచ్చాడు. నీలిగడ్డి విత్తనం ఏ నేలకి పనికొస్తుందని ఇద్దరు రైతులు ఆటో ఆపి అడిగారట. తలనీలాలు తీసే మంగలి అక్కడే ఉంటాడా, తెచ్చుకోవాలా అని ఆడవాళ్ళు అడిగారట. జనంలో ఆసక్తి పెరిగిందని నేను సంబరపడ్డాను.

కచేరీ స్థలం కొత్తపేట శివార్లలో, బావ స్నేహితుడి కొబ్బరిపీచు గోడౌను. మీరెప్పుడైనా పీచు గోడౌనులోకి వెళ్ళారో లేదో. కప్పు దాకా పీచు బస్తాలు. కిటికీలు లేవు, పట్టపగలే దీపం కావాలి. అన్నిటికన్నా చిత్రం, అక్కడ మాట్లాడితే మాట గోడకి తగిలి వెనక్కి రాదు. పీచులోకి ఇంకిపోతుంది. ఎవరో పక్కనే కూచుని, మనం అన్న ప్రతి మాటా మింగేస్తున్నట్టు ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ కార్తీకమాసపు ముసురు. జాన్‌బాబు, మూర్తి కుర్చీల కోసం వెళ్ళారు. నేనొక్కణ్ణే సాధన మొదలుపెట్టాను. బ్లూస్ వాయించేవాళ్ళు వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగ మీద జారుస్తారు, అప్పుడు తీగ మనిషిలా మూలుగుతుంది. గాజు గొట్టం దొరక్క నేను టానిక్ సీసా మెడ కోయించుకుని తొడుక్కున్నాను. కాసేపు వాయించి, బ్యాటరీ అయిపోతుందని నల్లడబ్బా స్విచ్ ఆపాను.

గిటారు ఆగింది. ఆంప్లిఫయర్ ఆగలేదు.

ముందు ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. తరవాత గొణుగుడు. మగగొంతు ఏదో చదువుతోంది. మాటలు తెలియడం లేదు గానీ, మధ్యలో ఒకే ఒక్క మాట స్పష్టంగా వినబడింది: "ప్రేతస్య". చుట్టూ చూశాను. బస్తాలు. గబుక్కున స్విచ్ వేశాను, గొంతు పోయింది. ఆపాను, వచ్చింది. వేస్తే పోతోంది, ఆపితే వస్తోంది. గిటారుకి భయపడుతోందన్న మాట అనుకుని, దాన్ని తరిమేయడానికి స్విచ్ వేసి, సీసా జారుస్తూ నా దగ్గరున్న ఏడుపంతా వాయించాను. పోయిందో లేదో చూద్దామని స్విచ్ ఆపాను.

ఈసారి ఆడగొంతు. ముసలిగొంతు. చాలా దగ్గర నుంచి, నా చెవిలో చెబుతున్నట్టు.

"ఏవండీ, మీరేనాండీ? చీకటిగా ఉందాండీ అక్కడ?"

చీకటిగానే ఉంది. కోనసీమలో పుట్టినవాణ్ణి, అడిగింది దయ్యమైనా మర్యాద తప్పలేను. "ఉందండీ" అన్నాను. అది పీచులోకి ఇంకిపోయింది. వణుకుతున్న చేత్తో స్విచ్ వేస్తే, సీసా దానంతటదే తీగ మీద జారి "ఊఁ" అంది.

ఆపాను. మళ్ళీ అదే గొంతు. "చలేస్తందాండీ?" అని అడిగింది. మళ్ళీ స్విచ్, మళ్ళీ వణుకు, మళ్ళీ "ఊఁ". నేను సమాధానాలు చెబుతున్నానన్న సంగతి నాకు తట్టలేదు. దయ్యాన్ని తరుముతున్నాననే అనుకుంటున్నాను.

ఇంతలో కుర్చీలు మోసుకుంటూ జాన్‌బాబు వచ్చాడు. నా మొహం చూసి ఏమైందన్నాడు. స్విచ్ ఆపి ఆంప్లిఫయర్ వైపు వేలు చూపించాను. అందులోంచి మళ్ళీ అదే ముసలిగొంతు వస్తుంటే జాన్‌బాబు కుర్చీలు మెల్లగా కింద పెట్టాడు.

"మన పద్మ వచ్చిందండీ. గుమ్మం బయటే నిలబడిపోయింది. లోపలికి రమ్మనమంటారా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, నెమ్మదిగా గుమ్మం వైపు తిరిగాం. తలుపు ఓరగా తెరిచి ఉంది. ముసురులో, తడిసిన చీర కొంగు నెత్తిమీదుగా కప్పుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మొహం కనబడలేదు. కదలడం లేదు.

జాన్‌బాబు మోకాళ్ళ మీద పడి ప్రార్థన అందుకున్నాడు. నేను గిటారుతో సహా బస్తాల మీద పడ్డాను. స్విచ్ ఎలా పడిందో, సీసా ఏ తీగ మీద పడిందో తెలియదు, "ఊఁఁఁ" అని ఇంత పొడుగున మోగింది. ఆ ఆడమనిషి ఒక అడుగు లోపలికి వేసి, చంకలో ఉన్న జులపాల పిల్లాణ్ణి సర్దుకుంటూ అడిగింది:

"నీలాలు తీసేది ఇక్కడేనాండీ?"

సాయంత్రానికి మూర్తి వచ్చి, జరిగింది విని మమ్మల్ని కడుపారా వెక్కిరించాడు. దయ్యమూ లేదు గియ్యమూ లేదన్నాడు. నల్లడబ్బా నేను ముట్టనంటే తన గిటారుకి తగిలించుకున్నాడు. జనం బాగానే వచ్చారు. పిల్లాణ్ణి ఎత్తుకున్నావిడ కూడా, వచ్చాం కదా అని కూచుంది. ముందుగా మూర్తి నీలిగడ్డి అందుకున్నాడు. ఆ వేగానికి గోడౌనులో పీచుధూళి లేచింది. క్యాసెట్టులో చూసిన కచేరీ నా కళ్ళముందే జరుగుతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం నుంచీ అప్పటిదాకా గోడౌను వెనక కొబ్బరితోట అవతలి ఇంట్లో ఏం జరిగిందో తరవాత షామియానా సప్లయ్ కంపెనీ కుర్రాడు చెబితే తెలిసింది. ఆ ఇంటాయన అబ్బులుగారు అంతకు పదిరోజుల ముందు ఆయాసంతో పోయారు. ఆ రోజు పెద్దకార్యం. సప్లయ్ వాళ్ళు కొత్తగా వైరు లేని మైకు కొన్న ఉత్సాహంలో మంత్రాలకి కూడా అదే పెట్టారు. పంతులుగారు మైకు ఆపినప్పుడల్లా, దండ వేసిన అబ్బులుగారి ఫోటో పక్కనున్న స్పీకరు మూలిగింది. పందిట్లో అందరూ బిగుసుకుపోతే, ఆయన భార్య సుభద్రమ్మగారు లేచి వచ్చి మైకు అందుకుని, వేస్తూ ఆపుతూ, కూతురి సంగతితో సహా అన్నీ అడిగేశారు. ఊఁ అన్న సమాధానమూ వచ్చింది. అంతా కన్నీళ్ళు తుడుచుకుని, మైకు ఆపేసి, ఆలస్యంగా సాయంత్రానికి భోజనాలకు కూచున్నారు. అప్పుడు అబ్బులుగారు ఉన్నట్టుండి బ్లూగ్రాస్ వాయించడం మొదలుపెట్టారు.

పులిహోర వడ్డిస్తున్నవాడు బేసిన్ వదిలేశాడట. వియ్యంకుడుగారు విస్తరి ముందునుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సెక్కేశారట. సప్లయ్ కుర్రాడికి మాత్రం అనుమానం వచ్చి, పాట వినబడే వైపు చెవి పెట్టుకుని తోటకి అడ్డంపడి వచ్చాడు. వాడి వెనకాలే అబ్బులుగారి పెద్దకొడుకు సూర్నారాయణగారు, గుండు చేయించుకున్న తలతో, పంచె ఎగ్గట్టి.

గోడౌనులో పాట ఆగిపోయింది. కుర్రాడు నల్లడబ్బా తిప్పి చూసి, ఇదీ మా మైకూ ఒకే రకమండీ, ఇది ఆపితే ఇక్కడ మా మైకు పలుకుద్ది, మైకు ఆపితే అక్కడ ఇది పలుకుద్ది అన్నాడు. సూర్నారాయణగారు నన్ను కిందికీ మీదికీ చూశారు.

"ఇందాక మా అమ్మ అడిగినప్పుడు మూలిగింది నువ్వేనా?"

"ఆయ్. నేను కాదండీ, టానిక్ సీసా అండీ."

కొడతారనుకున్నాను. ఆయన కొట్టలేదు. బస్తా మీద కూలబడి తమ ఇంటి సంగతి చెప్పుకొచ్చారు. ఆయన చెల్లెలు పద్మ తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని తండ్రి గడప తొక్కనివ్వలేదట. ఆ మాట నిలబెట్టాలని, ఆ రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడింది ఈయనే. నాన్నే ఊఁ అన్నారని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చిందీ ఈయనే. "ఇప్పుడు అది నాన్న కాదని నేనెలా చెప్పనయ్యా? నువ్వే వచ్చి మా అమ్మకి చెప్పు" అన్నారు.

తడిసిన తోటలోంచి ఆయన వెనకాలే నడిచాను. కొబ్బరాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. నాకైతే ప్రతి చెట్టు వెనకా అబ్బులుగారే నిలబడి, నా గొంతు దొంగిలించింది నువ్వేనట్రా అంటున్నట్టు ఉంది. పెద్దావిడకి ఈ మాట ఏ నోటితో చెప్పను? ఒక్కసారి పోయిన మనిషిని ఆవిడకి రెండోసారి పోగొట్టడమే కదా.

లోపలి గదిలో గోడకి జేరబడి సుభద్రమ్మగారు కూచుని ఉన్నారు. పద్మ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నేను గుమ్మంలో నిలబడి, నల్లడబ్బా, టానిక్ సీసా, కువైట్ బావ, అన్నీ కలగాపులగంగా అప్పజెప్పాను. ఆవిడ కూతురి జుట్టు సవరిస్తూ అంతా విన్నారు.

"తెల్సు బాబూ" అన్నారు. "ఇన్నేళ్ళ కాపరంలో నేనేదడిగినా మా ఆయన ఊహుఁ అనే అన్నారు తప్ప ఒక్కనాడూ ఊఁ అన్లేదు. మొదటిసారి ఊఁ అని వినబడగానే అనుకున్నాను, ఈయనెవరో మా ఆయన కాదని."

సూర్నారాయణగారు గుమ్మం పట్టుకున్నారు. "మరి పద్మ సంగతి ఎందుకడిగేవమ్మా?"

"ఎవరో పుణ్యాత్ముడు అడిగినదానికల్లా ఊఁ అంటన్నాడు కదరా. మళ్ళీ దొరుకుతాడా?"

పద్మ ఒళ్ళోంచి తలెత్తి తల్లిని చూసి, అంత ఏడుపులోనూ నవ్వేసింది. సూర్నారాయణగారు కూడా మొహం అటు తిప్పుకుని నవ్వారు. నా ప్రాణం లేచొచ్చింది. నమస్కారం పెట్టి వెనుదిరిగాను. సుభద్రమ్మగారు మళ్ళీ పిలిచారు.

"మూలిగింది నువ్వు, సరే. పిల్ల లోపలికి వచ్చేక, ఆ స్పీకరు పెట్టెలోంచి గట్టిగా దగ్గేరు. అది ఎవరు బాబూ?"

మేమెవరమూ దగ్గలేదు. జాన్‌బాబు ప్రార్థనలో ఉన్నాడు. పిల్లాణ్ణి ఎత్తుకున్నావిడ నోరు తెరిస్తే మంగలి సంగతే మాట్లాడింది. నేను ఆవిడకి ఏం చెప్పానో గుర్తులేదు. తోటలోంచి పరుగెత్తడం మాత్రం గుర్తుంది. ఆ రాత్రి బ్లూస్ వాయించే వంతు రాకుండానే నా కచేరీ ముగిసింది.

అందుచేత పెద్దలందరి సమక్షంలో, కుడిచేయి గుండెమీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఏ ఊళ్ళో గిటారు పట్టినా, చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరైనా పోయారేమో ముందు కనుక్కుంటాను. పోయి ఉంటే, బతికుండగా ఆయన దేనికైనా ఊఁ అనేవారా అని కూడా కనుక్కుంటాను.