సుద్దతో రాసిన తేదీలు

మా కోడలు హెలెన్ ఉర్లా పారిశ్రామిక వాడలో ఇనుప గేట్లు చేసే యూనిట్‌లో స్టోర్స్ చూస్తుంది. ఆరేళ్లపాటు పీహెచ్‌డీ కూడా చేసింది. అంశం వర్కింగ్ క్యాపిటల్, అంటే ఫ్యాక్టరీ రోజువారీ నడకకు కావలసిన పెట్టుబడి. దాని మీద పరిశోధనలు ఏ దారిన పోతున్నాయో చూడటానికి ఆమె తెచ్చిన వ్యాసాలు పేర్చేసరికి, మా బీర్‌గావ్ ఇంటి కప్పు రెండుసార్లు పైకి లేపించాల్సి వచ్చింది. అన్నీ పెద్ద కంపెనీల బ్యాలెన్స్ షీట్ల మీదే. చిన్న యూనిట్ల గడప ఎవరూ తొక్కలేదు.

ఆమె తొక్కింది. 2017 డిసెంబరు మొదటి వారంలో నలభై యూనిట్లు తిరిగి, కడ్డీల కట్టల మీద సుద్దతో రాసిన తేదీలు దించుకుంది. వాటి నుంచి సరుకు వయసు లెక్కగట్టింది. ఎక్కడా సరుకు ఎనభై రోజులకు మించి నిలవడం లేదని తేలింది.

"ఇది కొత్త సంగతమ్మా!" అని గైడ్ గిరిధర్ గారు పొంగిపోయారు.

మరుసటి సెప్టెంబరు. థీసిస్ ఇవ్వడానికి వారమే గడువు. విశ్వకర్మ పూజకు యూనిట్ కడుగుతున్నారు. ఏటా లాగే హెలెన్ తడిగుడ్డతో కట్టల మీది పాత తేదీలు తుడిచి, పూజ తేదీ వేస్తోంది. చెయ్యి ఆగింది. ఉర్లా అంతా ఇదే ఆనవాయితీ. మూడేళ్లుగా తుప్పు పడుతున్న కడ్డీకీ పూజనాడే పుట్టినరోజు. తాను లెక్కగట్టింది సరుకు వయసు కాదు, పూజ అయ్యాక గడిచిన రోజులు.

"మేడమ్, జల్దీ చెయ్యండి, పండిత్‌జీ వచ్చేశారు!" అన్నాడు వెల్డర్ యోగేష్.

మిగిలినవి కూడా తుడిచింది.

సంగతి చెబితే గిరిధర్ గారు ఫోన్‌లో, "ఎవరెళ్లి చూస్తారమ్మా? ఇచ్చెయ్. ఇంక గడువు పెంచరు," అన్నారు.

నేనూ అన్నాను. "నా బతుకంతా కోతలే. నువ్వొక్కటి కోస్తే ఏమవుతుందమ్మా?"

"మీవి విని నవ్వుకుంటాం మామయ్యా. దీన్ని చదివి ఇంకొకరు రాస్తారు. వాళ్లది చదివి ఇంకొకరు."

గడువు రోజున మామూలుగా డ్యూటీకి వెళ్లి వచ్చింది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ పోయింది. ఏడవలేదు. నాకు కంచం పెట్టి, గోడ వైపు చూస్తూ అడిగింది.

"పప్పులో ఉప్పు సరిపోయిందా, మామయ్యా?"

అసలు వెయ్యనే లేదు.

"సరిపోయిందమ్మా," అన్నాను.