సమ్మె రోజుల్లో మా వంటింటి బడి

తెలంగాణ కోసం సమ్మె మొదలై, బడులు మూతపడి నెల కావస్తోంది. మనవరాలిది పదో తరగతి. ఇక ఆగలేక ఈ రోజు కోరుట్లలో మా వంటింట్లోనే బడి మొదలుపెట్టాను. రిటైరైన పంతులమ్మను కదా, అలవాటు చావక ఉన్న ఒక్క విద్యార్థికీ హాజరు పిలిచాను. "జై తెలంగాణ" అని పలికింది. హాజరు వేశాను.

మధ్యాహ్నం మా కూతురు సమ్మె శిబిరం నుంచి అన్నానికి వచ్చింది. తనూ టీచరే, లెక్కలు చెబుతుంది. గోడ మీద నా సుద్దరాతలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, నేను టెంటు కింద కూసుంటే నువ్వు ఇంట్ల బడి పెడ్తవా? నలుగురు చూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నేను రిటైరైన గద, బిడ్డా. నా సమ్మె అరవై తొమ్మిదిల్నే అయిపోయింది. గప్పుడు నా చదువు ఏడాది పోయింది. దీనిది గూడ పోవాల్నా?"

"ఏడ్చినవా అమ్మమ్మా?" అంది మనవరాలు.

"యాదికి లేదే" అన్నాను. నిజంగానే లేదు. ఇప్పుడూ ఏమీ అనిపించడం లేదు.

కూతురు గోడ వైపే చూస్తూ అన్నం తిన్నది. "గా లెక్క తప్పు చేసినవమ్మా" అంది. చెయ్యి కడుక్కుని, వీధి తలుపుకు గొళ్ళెం పెట్టి, ఆ ఒక్క లెక్కా సరిచేసి మనవరాలికి చెప్పింది. సుద్ద చేతులు కొంగుకు తుడుచుకుని మళ్ళీ శిబిరానికి పోయింది.

హాజరు పుస్తకం ఇంకా నా ముందే ఉంది. అందులో మా కూతురి పేరు రాసి, దానికి ఎదురుగా హాజరు అని రాయాలా, సమ్మెలో ఉంది అని రాయాలా? మీరైతే ఏం రాస్తారు?