పెద్ద నల్లంచి పాట కోసం ఎదురుచూసిన మాస్టారు

పది రోజుల క్రితం కంకిపాడు నుంచి ఒక కార్డు వచ్చింది. చిరునామా దానియేలు మాస్టారి దస్తూరీ కాదు, ఆయన కుమార్తె సుగుణది. చదవకముందే విషయం అర్థమైంది. అయినా రెండుసార్లు చదివాను. మాస్టారు నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరారనీ, సమాధి కార్యక్రమం ముగిసిందనీ అందులో ఉంది. ఆ పూట నాకు ఏ పనీ తోచలేదు.

లెక్కల మాస్టారుగా ఆయనను చాలామంది ఎరుగుదురు. పిట్టలను పరిశీలించిన మనిషిగా ఎరిగినవారు తక్కువ. పంతొమ్మిది వందల డెబ్బైలో నేను ఉద్యోగ విరమణ చేసి విజయవాడలో స్థిరపడిన నాటినుంచి ప్రతి ఆదివారం మొదటి బస్సులో కంకిపాడు వెళ్ళేవాణ్ణి. ఆయన ప్రార్థనకు వెళ్ళే వేళ వరకు ఇద్దరం కాలువగట్టు మీద నడిచేవాళ్ళం. కనబడినవీ వినబడినవీ ఆయన నోటుపుస్తకంలోనూ, నేను డైరీలోనూ రాసుకునేవాళ్ళం.

మొదటి ఏడు నేను "పెద్ద నల్లంచి లేదు" అని రాశాను. నలుపు తెలుపుల ఈ చిన్న పిట్ట మాఘం వెళ్ళేసరికి చెట్టు చివర కూర్చుని పాడుతుంది. మాస్టారు నా డైరీ చూసి, "లేదని మీకెవరు చెప్పారండీ? మీకు వినబడలేదు, అంతే. మీ చెవుల సంగతి పిట్ట మీదకి తోస్తారేం?" అన్నారు. కొట్టేసి మళ్ళీ రాశాను.

పోయిన శీతకాలం డెల్టాలో మేమెన్నడూ ఎరగని చలి. పొద్దెక్కినా పొగమంచు విడిచేది కాదు. చెరకు తోటల పక్కన చిన్న పిట్టలు చచ్చి పడి ఉండేవి. మాస్టారు ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని రొమ్ము తడిమి చూశారు. ఎముకే తగిలింది.

"చలికి కాదండీ, ఆకలికి పోయింది. ఈ మంచులో పురుగు ఎగరదు. రాత్రంతా ఒళ్ళు వెచ్చగా ఉండాలంటే పగలు కడుపు నిండాలి కదా," అన్నారు. ఎన్ని మిగిలాయో పాటలు మొదలైతే గాని తెలియదన్నారు.

మాఘం వెళ్ళింది. పాట వినబడలేదు. ఫాల్గుణంలో మాస్టారు మంచం పట్టారు. గుండె బలహీనపడింది, లేవవద్దన్నారు డాక్టరుగారు. నాకు మోకాళ్ళ నొప్పులు. నెల రోజులు ఆ గట్టు ఎక్కలేదు. చివరిసారి ఆయనను చూడబోతే సుగుణ వాకిట్లోనే ఆపింది.

"బాబాయిగారూ, నాన్న అన్నం ముట్టడం లేదండీ. పిట్ట పాడిందా, పాడిందా అని అదే ధ్యాస. విన్నానని ఒక్క మాట చెప్పండి."

చెప్పాను. మాస్టారి కళ్ళు మెరిశాయి. వెంటనే అలవాటు చొప్పున, "ఎక్కడండీ?" అన్నారు.

"మన గట్టు మీదే. పెద్ద తుమ్మ చివర."

"ఎన్నింటికి?"

"ఆరున్నరకి. ఇవాళే."

ఆయన వంటింటి వైపు తల తిప్పారు. "అమ్మాయ్, ఇవాళ పొయ్యిలో ఏం కట్టెలే?"

"తుమ్మ కట్టెలు నాన్నా. గట్టు మీద చెట్టు పోయిన నెల కొట్టేశారుగా, అవే..." అంటూ సుగుణ నాలుక కరుచుకుంది.

మాస్టారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. "అబద్ధం చెప్పడం కూడా రాకుండా ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు ఎట్లా నెగ్గుకొచ్చారండీ రావుగారూ?"

ఆయనతో నా ఆఖరి సంభాషణ అదే.

నాలుగు రోజుల క్రితం సుగుణను పలకరించడానికి వెళ్ళాను. వాళ్ళ పెరటి వెనుక కరెంటు తీగ మీద పెద్ద నల్లంచి పాడుతోంది. ఒక్కటే పిట్ట. చలికి ఎన్ని పోయాయో ఒక్క పాటతో తేలదు. సుగుణ లోపలికి వెళ్ళి మాస్టారి నోటుపుస్తకం తెచ్చి, "ఇందులో రాయండి బాబాయిగారూ," అంది. చివరి పుటలో వణికిన అక్షరాలు: "రావుగారు విన్నానన్నారు. నమ్మలేదు. ఈ పూట అన్నం సయించింది."

దాని కింద తేదీ, వేళ, చోటు రాసి సంతకం చేశాను. అంతా నిజమే. కానీ ఎక్కడ, ఎన్నింటికి అని నిలదీసే మనిషి లేక, నేను రాసింది నాకే పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ మహనీయునికి నమస్కారం.