సుద్దతో రాసిన మండపేట బండి

2022 మాఘమాసం. కొత్తపేట దాటేక ఓ చిన్న బస్‌స్టాండులో నేను కంట్రోలర్‌ని. వచ్చిన బండినల్లా లాగ్‌షీట్‌లో ఎక్కించి మైకులో కేకెయ్యడం నా పని. లాగ్‌షీట్ అంటే ఏ నంబరు బండి ఎన్నింటికొచ్చి ఎన్నింటికెళ్ళిందో రాసే కాగితం. ఆ నెలంతా ఎనిమిదింటిదాకా మంచే. కొబ్బరిచెట్లకి మొదళ్ళు కనబడేవి, తలలుండేవి కావు. బస్సులు ముందు చప్పుడుగా, తర్వాత పసుప్పచ్చటి వెలుగుగా వచ్చి, ఆఖర్న బస్సులయ్యేవి.

వాటిని చూడ్డానికే రోజూ ఒకావిడ వచ్చేవారు, మాణిక్యమ్మగారని. అరవై దాటుంటాయి. ఏ బస్సూ ఎక్కేవారు కాదు. బెంచీ మీద కూర్చుని చిన్న పుస్తకంలో నంబర్లు రాసుకునేవారు.

"ఎక్కడికెళ్ళాలమ్మా?" అని మొదట్లో అడిగేను.

"ఎక్కడికీ లేదండీ, చూద్దామనొచ్చేను. మా పుట్టిల్లు సామర్లకోటండీ, స్టేషనెదురుగుండానే. రైళ్ళు చూస్తా పెరిగేను. మీ కోనసీమకి రైలింకా రాలేదాయె. బస్సులతో సరిపెట్టుకుంటన్నాను."

జనం నవ్వుకునేవారు. నేనేం తక్కువ తిన్నానా, "పెద్ద కంట్రోలర్‌గారొచ్చేరు" అనేవాణ్ణి. ఓరోజు చిరాకులో ఉండి, "బెంచీలు ప్రయాణికులకండీ" అనేశాను. ఆవిడ లేచిపోయేరు. మర్నాటినుంచి టీబడ్డీ పక్కన నిలబడి చూసుకునేవారు.

నాలుగోనాడు ఏడున్నరకి ఓ పెద్దాయన పరిగెత్తుకుంటా నా కిటికీ దగ్గరకొచ్చేరు. పట్టుపంచె కట్టుకున్నారు.

"బాబ్బాబు, నా సన్నాయి బస్సులో ఉండిపోయిందండీ! మా నాన్నగారు వాయించిందది. తొమ్మిదిన్నరకి ముహూర్తం, పెళ్ళివారు నాకోసం చూస్తంటారు. ఏం మొహం పెట్టుకెళ్ళనండీ?"

"ఏ బస్సండీ?"

"ఏడింటి మండపేట బండండి. దిగి టీ తాగి, భుజం తడుముకుంటే సంచీ లేదు."

"ఓస్, అంతేనా!" అని లాగ్‌షీట్ చూసి ఆ బండి కండక్టర్‌కి ఫోన్ చేసేను.

"మా బండి మీ స్టాండుకి రాకముందే దార్లో ఆగిపోయిందండీ. బదులు వేరేవాళ్ళతో స్పేరు బండి వెళ్ళింది. దాని నంబరు నాకు తెలీదు" అన్నాడు.

లాగ్‌షీట్ మళ్ళీ చూసేను. ఏడింటికి నేను తలెత్తి చూడకుండా, రోజూ వచ్చే నంబరే అలవాటుకొద్దీ రాసి పడేశాను. రావులపాలెం కంట్రోలర్‌కి చేస్తే, "మండపేట బోర్డుతో బండేదీ లేదండీ. మంచులో పది బళ్ళున్నాయి, నంబరు చెప్పండి" అన్నారు. నా దగ్గర నంబరేదీ? పెద్దాయన గుమ్మంలో కూలబడిపోయేరు.

"నలభై ఒకటి ఇరవై ఏడండీ" అని కిటికీ దగ్గర మెల్లగా వినబడింది. మాణిక్యమ్మగారు. "బోర్డు లేదండి దానికి. అద్దం మీద సుద్దతో రాసేరు మండపేటని. మంచుకి చెరిగిపోయుంటది. వెనక దీపాల్లో ఒక్కటే వెలుగుతంది." పుస్తకం తెరిచి చూపించేరు కూడాను.

ఆ నంబరే చెప్పేను. రెండు నిమిషాలు ఫోన్ చెవి దగ్గరే పట్టుకున్నాను. తర్వాత ఫోన్‌లో, "దొరికిందండీ! కదలబోతుంటే ఆపేం" అన్నారు.

ఎదురొచ్చే బండిలో ఎనిమిదిన్నరకల్లా సన్నాయి వచ్చేసింది. పెద్దాయన సంచీ విప్పి, కళ్ళకద్దుకుని, పలుకుతోందో లేదోనని ఒక్కసారి ఊదేరు. కరుగుతున్న మంచులో ఆ స్వరం ఎంతసేపుందో చెప్పలేను. బండి తియ్యబోయిన డ్రైవరు కూడా తాళం తిప్పకుండా ఊరుకున్నాడు. ఆవిడకి దణ్ణం పెట్టి ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయేరు.

ఆవిడ మొహం చూడ్డానికి నాకు సిగ్గేసింది. ఇరవయ్యేళ్ళుగా బళ్ళు రాస్తన్నాను, చూసింది మాత్రం ఆవిడ.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

ఆవిడ పుస్తకం మూసి, "అయితే బెంచీ మీద కూర్చోవచ్చాండీ? నాలుగు రోజుల్నుంచీ మోకాళ్ళు లాగేస్తన్నాయి" అన్నారు.

"ఆయ్, కూర్చోండమ్మా" అని నా తువ్వాలుతో బెంచీ మీద మంచు నేనే తుడిచేను.

ఇప్పటికీ బండి చప్పుడైతే కలం కింద పెట్టి బయటికొస్తాను. "సరిగ్గా చూసేరాండీ?" అని ఆవిడ బెంచీ మీంచి అడుగుతారు. చూసేనని చెప్పేకే లోపలికెళ్ళి రాస్తాను.