ఒక పూట అంటు

నా రొమ్ములోని గడ్డ క్యాన్సరేనని సూది పరీక్షలో తేలింది. అది అక్కడే ఉందా, ఇంకెక్కడికైనా పాకిందా అన్నది తెలియాలంటే పెట్ స్కాన్ తీయాలన్నారు. నెల్లూరులో ఆ స్కానింగ్ సెంటరుకు పరగడుపున ఒక్కదాన్నే ఆటోలో వెళ్ళాను. నాతో ఉంటున్న మేనకోడలు వస్తానంది. కడుపుతో ఉన్న మనిషిని అక్కడికి రానివ్వరు.

రేడియోధార్మికత కలిపిన చక్కెర మందును నరంలోకి ఎక్కించారు. క్యాన్సర్ కణాలకు ఆకలెక్కువ. చక్కెరను ఎగబడి తింటాయి, తిన్నచోట బొమ్మలో వెలుగుతాయి. మూఢనమ్మకాల మీద సభల్లో ఇన్నేళ్ళు వాదించాను గానీ, ఈ పరీక్షంత తేటగా వాదించిన మనిషి నాకు ఏ వేదిక మీదా ఎదురుపడలేదు. తర్వాత చిన్న గదిలో పడుకోబెట్టి, కదలొద్దు, మాట్లాడొద్దు అన్నారు. మాట్లాడటానికి ఎవరున్నారు గనక. వచ్చేటప్పుడు నర్సు, ఈ పూటంతా గర్భిణులకూ పసిపిల్లలకూ దూరంగా ఉండమంది.

ఇంటికొచ్చి వెనక గదిలో కూర్చున్నాను. మేనకోడలు అన్నం, చేపల పులుసు పెట్టిన కంచాన్ని గడప దగ్గర ఉంచి వెనక్కి జరిగింది.

"అత్తా, అంటూ లేదు ముట్టూ లేదని ఊరూరా చెప్పినావే. ఇప్పుడు నిన్నే బయట కూచోబెట్టినాను గదా," అని నవ్వింది.

నేనూ నవ్వాను. చిన్నప్పుడు నెలనెలా నన్ను పెరటి వసారాలో కూర్చోబెట్టి, మా నాయనమ్మ ఇలాగే కంచం నెట్టేది. ఆ కంచం మీద కోపమే నన్ను సభలెక్కించింది. ఆచారం కారణం చెప్పదు, అడిగితే కళ్ళెర్రజేస్తుంది. ఈ దూరానికి కారణం ఉంది, కొలత ఉంది, పూట గడిస్తే పోతుంది. రెండూ ఒకటేనన్నవాడితో ఇవాళైనా పోట్లాడతాను. అయినా గడప ఇవతల ఒంటరిగా తింటూ, అప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చున్నాను.

"పాకుంటాదా అత్తా?" అని అవతలి నుంచి మెల్లగా అడిగింది.

"తెలీదమ్మా. తెలీనిదాన్ని తెలుసని నేనెప్పుడూ చెప్పలా."

మర్నాడు డాక్టరు తెర మీద చూపించాడు. గడ్డ మండుతోంది. చంకలో ఒక చుక్క కూడా వెలుగుతోంది. వెలిగిందల్లా క్యాన్సర్ కాదు, ఉత్త వాపైనా వెలుగుతుంది, అక్కడా సూదితో చూస్తేనే రుజువు అన్నాడు. రుజువు లేనిదే నమ్మొద్దని నేను పదిమందికి చెప్పే మాటే అది. వింటూ తలూపాను.

ఇంటికొచ్చాక మేనకోడలు గడప దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. నా భుజం మీద చెయ్యి వేసింది. చుక్క ఉన్న వైపు చేతిని ఒంటికి అదిమిపెట్టుకుని, జరిగినదంతా ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను.